ఫిరంగి వెనుక క్షేమమనే భ్రమ

యుద్ధంలో పదాతి దళం ముందు వరుసలో తూటాలకు ఎదురువెళుతుందనీ, ఫిరంగి దళం మైళ్ల దూరాన వెనుక నిలిచి గుండ్లు పంపుతుందనీ, కాబట్టి ఫిరంగి దళంలో చేరినవాడి ప్రాణానికి ముప్పు తక్కువనీ, అతనికి కావలసిన వైద్యం కూడా ఆ మేరకు తక్కువేననీ ఒక అభిప్రాయం చాలాకాలంగా పాతుకుపోయి ఉంది. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, అంటే వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో, వానను నమ్ముకున్న సేద్యం ఇంటిని నిలబెట్టలేనప్పుడు మిలటరీ ఉద్యోగం వైపు చూసే కుటుంబాలకు ఈ అభిప్రాయం ఎంతో ఊరటనిస్తుంది. గుంటూరు సైనిక నియామక కార్యాలయం జరిపే ఎంపికలో నెగ్గిన కుర్రవాడికి ఆర్టిలరీ కేటాయించారని తెలిస్తే, ముందు వరుస తప్పిందని ఇంటి పెద్దలు ఊపిరి పీల్చుకోవడం సహజం. ఆ ఊరటను తప్పుపట్టవలసిన పనిలేదు గాని, దానికి ఆధారమైన లెక్క మాత్రం తప్పు.

ఈ నమ్మకానికి తోడుగా మరొకటి ఉంది. గాయపడ్డవాడి వైద్యం డాక్టరు పని అనీ, అది ఆసుపత్రిలో మొదలవుతుందనీ, అంతవరకు జరిగేది మోసుకుపోవడమే తప్ప చికిత్స కాదనీ చెప్పేది ఆ రెండో నమ్మకం. దళం వెనుక ఉంటుంది, ఆసుపత్రి ఇంకాస్త వెనుక ఉంటుంది, రెంటికీ మధ్య దూరం తక్కువ, కాబట్టి దిగులు అక్కర్లేదని ఈ రెండూ కలిసి ఒక వాదాన్ని నిలబెడతాయి. ఫిరంగి దళం అసలు ఎలా పోరాడుతుందో, పేలిన గుండు శరీరాన్ని ఏం చేస్తుందో, రక్తం కారిపోవడానికి ఎంతసేపు పడుతుందో చూస్తే ఈ వాదంలో ఒక్క ముక్కా నిలవదు.

మొదట ఒప్పుకోవలసిన నిజం ఒకటుంది. యుద్ధాల్లో పదాతి దళం కోల్పోయేంతమందిని ఫిరంగి దళం కోల్పోదు. కొండశిఖరం మీదికి ఎక్కి శత్రువును తరిమేవాడికి ఉన్నంత ప్రమాదం లోయలో ఫిరంగికి గుండు అందించేవాడికి ఉండదన్నది నిజమే. అయితే ఒకరికి ప్రమాదం ఎక్కువ అన్నంత మాత్రాన మరొకరికి ప్రమాదం లేదని అర్థం కాదు, వైద్యం ఏర్పాట్లు సడలించవచ్చని అంతకన్నా కాదు.

ఫిరంగి రెజిమెంటు అంటే ఒకచోట బారులు తీరి కూర్చున్న దళం కాదు. సాధారణంగా ఒక రెజిమెంటులో మూడు బ్యాటరీలు, ఒక్కొక్క బ్యాటరీలో ఆరు ఫిరంగులు ఉంటాయి. శత్రువు దెబ్బకు అన్నీ ఒకేసారి పోకుండా వాటిని దూరదూరంగా నిలుపుతారు. వీటికి ముందు, పదాతి దళంతో కలిసి నడుస్తూ, గుండు ఎక్కడ పడాలో రేడియోలో చెప్పే చిన్న బృందం ఉంటుంది. దాన్ని పరిశీలక బృందం అంటారు, సైనికుల వాడుకలో ఓపీ. ఫిరంగికి కళ్లు ఆ బృందమే. వెనుక ఉండే దళమని లోకం పిలిచే దళంలో కొందరు ఇలా మొదటి వరుస పదాతితో సమానంగా మృత్యువు ఎదుట నిలుస్తారు. 1999 జులైలో కార్గిల్ యుద్ధంలో మరణించి వీరచక్ర పొందిన కెప్టెన్ ఆర్. జెర్రీ ప్రేమ్‌రాజ్ 158 మీడియం రెజిమెంటు అధికారి. పదాతి దళంతో కొండెక్కిన ఆయన గాయపడ్డాక కూడా వెనక్కి వెళ్లడానికి ఒప్పుకోకుండా గుండ్లకు గురి చెబుతూనే ప్రాణం విడిచారు. ఆయన తొడుక్కున్నది ఫిరంగి దళం యూనిఫారమే.

ఫిరంగుల దగ్గర మిగిలినవాళ్లయినా భద్రంగా ఉన్నారా అంటే, ఆ కార్గిల్ యుద్ధమే జవాబు చెబుతుంది. భారత ఫిరంగి దళం ఆ వేసవిలో రెండున్నర లక్షలకు పైగా గుండ్లు, రాకెట్లు ప్రయోగించింది. బోఫోర్స్ ఫిరంగులు విజయానికి బాట వేశాయని దేశమంతా చెప్పుకుంది గాని, ఆ ఫిరంగులు నిలిచిన చోట్ల గురించి చెప్పుకున్నది తక్కువ. ద్రాస్ లోయ సముద్రమట్టానికి పదివేల అడుగులకు పైన ఉంది. దాని పక్కనున్న శిఖరాలను ఆక్రమించిన పాకిస్తాన్ పరిశీలకులకు శ్రీనగర్–లేహ్ రహదారీ, దాని వెంట నిలిపిన ఫిరంగులూ కంటికి కనిపించేవి. మే 9న పాకిస్తాన్ గుండ్లు కార్గిల్‌లోని మందుగుండు నిల్వను పేల్చివేశాయి. గాలిలో పోతున్న గుండు దారిని పట్టుకుని, అది బయలుదేరిన ఫిరంగి చోటును లెక్కగట్టి చెప్పే రాడార్లు అప్పటికే పాకిస్తాన్ చేతిలో ఉన్నాయి, భారత సైన్యం చేతిలో లేవు. అంటే ఒక గుండు పేల్చిన క్షణం నుంచీ ఆ ఫిరంగి తన చిరునామాను శత్రువుకు తానే తెలియజేసినట్టు. భారత్ ఆ కొరతను తర్వాత తీర్చుకుంది. 2022 నుంచి ఉక్రెయిన్‌లో జరుగుతున్న యుద్ధం మాత్రం, రాడార్‌కు డ్రోన్ తోడైతే ఫిరంగి సిబ్బందే వేటకు గురి అవుతారని చూపించింది.

తెలుగు నేల నుంచే ఒక ఉదాహరణ చెప్పుకోవచ్చు. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండాకు చెందిన అగ్నివీర్ మురళీ నాయక్ 2025 మే నెలలో నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో మరణించినప్పుడు రాష్ట్రమంతా కదిలిపోయింది. ఆయన పనిచేసింది ఫిరంగి దళానికి చెందిన లైట్ రెజిమెంటులో. ఆ సంతాపం నిజమైనదే గాని, ఫిరంగి దళంలో ఉన్న కుర్రవాడు కాల్పులకు ఎలా బలయ్యాడన్న ప్రశ్నను ఆ రోజుల్లో ఎక్కువమంది అడగలేదు. అంతకు ముందు ఏడాది, 2024 అక్టోబరులో, యుద్ధమే లేని సమయంలో నాసిక్ దగ్గర శిక్షణ కాల్పుల్లో గుండు పేలి ఇద్దరు అగ్నివీరులు చనిపోయారు. శత్రువు లేనప్పుడు కూడా ఫిరంగి దగ్గర గుండు, మందు, మనిషి అడుగుల దూరంలోనే ఉంటాయి.

ఇక గాయం సంగతి. తూటా సాధారణంగా ఒక దారిన దూసుకుపోతుంది. గుండు పేలితే దాని ఉక్కు కవచం వందల ముక్కలై నలువైపులా ఎగురుతుంది, పేలుడు ఒత్తిడి చెవులను, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, దగ్గరున్న మందు అంటుకుంటే కాలిన గాయాలు తోడవుతాయి. ఒకే మనిషికి తొడలో ముక్క, చేతికి కాలిన గాయం, ఛాతీలో గాలి చేరడం అన్నీ ఒకేసారి రావచ్చు. ఒక ఫిరంగి చుట్టూ ఏడెనిమిది మంది కలిసి పనిచేస్తారు కాబట్టి ఒక్క గుండు పడితే గాయపడేది ఒక్కరు కాదు, ఆ బృందంలో సగం మంది కావచ్చు. తొడలోని పెద్ద రక్తనాళం తెగితే మనిషి కొన్ని నిమిషాల్లో చనిపోతాడు. ఈ కొన్ని నిమిషాల్లో అతని పక్కన ఎవరుంటారన్నదే ఈ వ్యాసంలోని అసలు ప్రశ్న.

సైన్యంలో ప్రతి రెజిమెంటుకు ఒక వైద్యాధికారి ఉంటాడు. ఆయన నడిపే చిన్న చికిత్సా కేంద్రాన్ని రెజిమెంటల్ ఎయిడ్ పోస్ట్ అంటారు. అక్కడి నుంచి గాయపడ్డవాణ్ని ఫీల్డ్ అంబులెన్స్ అనే వైద్య యూనిట్ నడిపే డ్రెస్సింగ్ స్టేషన్‌కు, ఆ పైన శస్త్రచికిత్స బృందానికి, చివరికి బేస్ ఆసుపత్రికి పంపుతారు. కార్గిల్ యుద్ధంలో ఆ చివరి మజిలీ శ్రీనగర్‌లోని 92 బేస్ ఆసుపత్రి. ఈ గొలుసును నడిపిన వైద్యుల దక్షత మీద ఎవరికీ సందేహం ఉండనక్కర్లేదు. చిక్కంతా గొలుసులోని మొదటి లంకె దగ్గరే ఉంది. పద్దెనిమిది ఫిరంగులు కిలోమీటర్ల మేర చెదిరి ఉన్న రెజిమెంటులో ఒక్క వైద్యాధికారి, ఆయన కింద కొద్దిమంది నర్సింగ్ అసిస్టెంట్లు ఉంటే, గుండు పడిన చోటికి వాళ్లు మూడు నిమిషాల్లో చేరడం అసాధ్యం. అందులోనూ గుండ్లు ఇంకా పడుతున్నప్పుడు చేరడం మరీ అసాధ్యం. పదాతి కంపెనీ ఒక కొండవాలు మీద కలిసి కదులుతుంది. ఫిరంగి బృందం తన గుంటలో తానొక్కటే ఉంటుంది. ఈ ఒంటరితనం వల్ల, వెనుక ఉంటుంది కాబట్టి వైద్యం తక్కువ చాలన్న దళానికే, నిజానికి తనలో తాను వైద్యం చేసుకోగల శక్తి ఎక్కువ కావాలి.

ఈ మాటకు గట్టి ఆధారాలున్నాయి. 2001 నుంచి 2011 వరకు ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల్లో గాయపడి మరణించిన 4,596 మంది అమెరికన్ సైనికుల శవపరీక్షలను వాళ్ల సైనిక వైద్యులే పరిశీలించారు. వారిలో 87 శాతం మంది ఆసుపత్రి గడప తొక్కకముందే చనిపోయారు. అలా చనిపోయినవారిలో దాదాపు నాలుగో వంతు మందిని బతికించే అవకాశం ఉండిందనీ, ఆ నాలుగో వంతులో నూటికి 90 మందికి పైగా రక్తస్రావం వల్లే పోయారనీ తేలింది. ప్రపంచంలో అత్యంత ఖర్చుతో నడిచే సైనిక ఆసుపత్రులు ఆ సైన్యానికే ఉన్నాయి. అయినా ఆ మరణాలను ఆపగలిగేది ఆసుపత్రి కాదు, ఆ సమయంలో పక్కనున్న సైనికుడి చేతులు. అదే సైన్యంలోని 75వ రేంజర్ రెజిమెంటులో వైద్యులే కాక ప్రతి సైనికుడూ, అధికారులతో సహా, గాయానికి తక్షణ చికిత్స నేర్చుకుని తీరాలన్న నియమం పెట్టారు. 2001 నుంచి 2010 వరకు ఆ రెజిమెంటులో గాయపడ్డ 419 మందిలో 32 మంది చనిపోయారు. వారిలో ఆసుపత్రికి ముందు సరైన చికిత్స అందక పోయినవారు ఒక్కరూ లేరని ఆ రెజిమెంటు వైద్యులు తేల్చారు. ఆయుధం అదే, శత్రువు అతడే, హెలికాప్టర్లూ అవే. మారినది చికిత్స ఎవరి పని అన్న అవగాహన ఒక్కటే.

అన్నిటికంటె సులువైన సాధనం టూర్నికెట్. గాయానికి పైభాగాన బిగించి, చిన్న కడ్డీతో మెలితిప్పి, చేతి లేదా కాలి రక్తనాళాన్ని నొక్కిపట్టే పట్టీ అది. కాలు పోతుందన్న భయంతో దాన్ని వాడవద్దని వైద్యులే ఒకప్పుడు చెప్పేవారు. బాగ్దాద్‌లోని సైనిక ఆసుపత్రిలో జరిగిన పరిశీలన ఆ భయానికి జవాబిచ్చింది. రక్తం పోయి మనిషి షాక్‌లోకి జారకముందే, అంటే రక్తపోటు పడిపోయి అవయవాలకు రక్తం అందని స్థితి రాకముందే, టూర్నికెట్ వేసినవారిలో నూటికి 90 మంది బతికారు. జారిపోయాక వేసినవారిలో నూటికి 10 మంది మాత్రమే బతికారు. ఈ పట్టీ బిగించడానికి వైద్యవిద్య అక్కర్లేదు, చీకట్లో, ఒంటిచేత్తో, గుండ్ల చప్పుడు మధ్య పదేపదే సాధన చేసిన చేయి కావాలి.

ఈ వాదానికి మూడు అభ్యంతరాలు వినిపిస్తాయి. మొదటిది, ఫిరంగి బృందం పని కాల్చడమనీ, ఒకడు గాయపడితే మిగతావాళ్లు ఫిరంగి వదిలి కట్లు కడుతూ కూర్చుంటే యుద్ధం పోతుందనీ అనేది. ఇది వినడానికి గట్టిగానే ఉంటుంది. నిజానికి అరనిమిషంలో టూర్నికెట్ బిగించడం తెలిసిన బృందమే త్వరగా ఫిరంగి దగ్గరికి తిరిగి వస్తుంది. తెలియని బృందం మిత్రుడికి కళ్లెదుటే రక్తం కారిపోతుంటే చేతులు వణికి నిలిచిపోతుంది. యుద్ధాన్నీ వైద్యాన్నీ పరస్పర విరోధులుగా చూసే ఈ ఆలోచనను చరిత్రే కాదంటుంది. 1792లో ఫ్రెంచి సైన్యంలో పనిచేస్తున్న శస్త్రవైద్యుడు డొమినిక్ జాన్ లారే, గుర్రాల మీద చకచకా చోటు మార్చే ఫిరంగి దళాన్ని చూసి, ఫిరంగి అంత వేగంగా వెళ్లగలిగితే వైద్యుడెందుకు వెళ్లకూడదని ఆలోచించి, యుద్ధం జరుగుతుండగానే గాయపడ్డవారిని చేరే తేలికపాటి బండ్లను తయారుచేయించాడు. లోకంలోని అంబులెన్సులన్నిటికీ మూలం ఆ బండ్లే. వైద్యానికి వేగం నేర్పింది ఫిరంగి దళమే. అంతకు ఎంతో పూర్వం సుశ్రుత సంహితలోని యుక్తసేనీయ అధ్యాయం వైద్యుడి శిబిరం రాజు శిబిరానికి దగ్గరే ఉండాలనీ, గాయపడ్డవారు గుర్తుపట్టేలా దానికి పతాకం ఎత్తాలనీ విధించింది. శస్త్రాలతో, మందులతో, నూనెలతో, కట్లతో వైద్యులు సేన వెనువెంటే నిలవాలని కౌటిల్యుని అర్థశాస్త్రం చెప్పింది. పోరాటంలో వైద్యం ఒక భాగమన్న సంగతి ఈ దేశానికి కొత్త కాదు.

రెండో అభ్యంతరం హెలికాప్టరును నమ్ముకున్నది. గాయపడ్డవాణ్ని గంటలోపు ఆసుపత్రికి చేర్చగలిగినప్పుడు ఫిరంగి గుంటలో చికిత్స గురించి ఇంత పట్టుదల ఎందుకని అంటారు. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 సేవ మొదలైన తర్వాత మొదటి గంట విలువ తెలుగువారందరికీ తెలిసింది, అది మంచిదే. కాని తొడ రక్తనాళం తెగినవాడికి గంట లేదు, నిమిషాలే ఉన్నాయి. పైగా శత్రువు చేతిలో విమాన విధ్వంసక క్షిపణి ఉన్నచోట హెలికాప్టరు దిగలేదు. కార్గిల్‌లో చీతా హెలికాప్టర్లు ఎందరినో ఆసుపత్రికి చేర్చాయి. ఆ హెలికాప్టరు దిగగలిగే చోటు దాకా వాలుల మీద గంటల తరబడి గాయపడ్డవారిని మోసుకొచ్చినది తోటి సైనికులే. ఉక్రెయిన్‌లో డ్రోన్ల వల్ల గాయపడ్డవారిని తరలించడానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతున్నాయి. రేపటి యుద్ధంలో హెలికాప్టరు వస్తుందని లెక్కవేసుకుని ఈనాడు శిక్షణ తగ్గించడం క్షమించరానిది.

మూడోది అభ్యంతరం కూడా కాదు, అలవాటు. యుద్ధమన్నాక మరణాలు తప్పవనీ, ఎవరి రాత ఎలా ఉంటే అలా జరుగుతుందనీ సరిపెట్టుకోవడం. తప్పించగలిగిన మరణాన్ని తలరాతకు అప్పగిస్తే ఏమవుతుందో మెసొపొటేమియా చెబుతుంది. 1915 నవంబరులో, బాగ్దాద్‌కు దగ్గరలోని టెసిఫాన్ యుద్ధంలో, ఎక్కువభాగం భారతీయ సిపాయిలే ఉన్న ఆరవ డివిజనులో వేలమంది గాయపడ్డారు. వాళ్లలో చాలా కొద్దిమందికి సరిపడే వైద్య ఏర్పాట్లే అక్కడ ఉన్నాయి. తొడ ఎముకలు విరిగినవారిని స్ప్రింగులు లేని బండ్ల మీద కుదుపుతూ నదిదాకా చేర్చి, గొర్రెల్లా పడవల్లో కుక్కి, కట్లు విప్పి చూసేవారు లేకుండా రోజుల తరబడి టైగ్రిస్ మీద బస్రాకు పంపారు. పై అధికారులు మాత్రం వైద్యం ఏర్పాట్లు అద్భుతంగా నడిచాయని తంతి పంపారు. బస్రాలో ఒక పడవ రావడాన్ని కళ్లారా చూసిన మేజర్ మార్కమ్ కార్టర్ అనే వైద్యుడు నోరు విప్పితే, ఆయన్నే అరెస్టు చేస్తామని బెదిరించారు. 1917లో మెసొపొటేమియా కమిషన్ నివేదిక నిజాలన్నీ బయటపెట్టాక భారత వ్యవహారాల మంత్రి ఆస్టెన్ చేంబర్లెన్ రాజీనామా చేశారు. అదే యుద్ధకాలంలో మద్రాసు రాజధాని ప్రజలు చందాలు వేసుకుని మద్రాస్ అనే పేరుతో ఆసుపత్రి ఓడను సిద్ధం చేయించారు. నెల్లూరు ఆ రాజధానిలోని జిల్లాయే. ప్రజలు తమ వంతు తాము ఇచ్చారు. దగా పడ్డది గాయపడ్డ సిపాయి. అతని వైద్యం రవాణా లెక్కల్లో చివరి పద్దుగా మిగిలింది, ఆ పద్దును అడిగేవారు లేకపోయారు.

ఫిరంగి సిబ్బందికి శత్రువు చేసే గాయం ఒకటైతే, సొంత ఫిరంగి చేసే గాయం మరొకటి. దీని గురించి మాట్లాడేవారు ఇంకా తక్కువ. 155 మిల్లీమీటర్ల ఫిరంగి పేలినప్పుడు దాని దగ్గరున్న చెవి మీద పడే ఒత్తిడి 170 డెసిబెళ్లను దాటవచ్చు. 140 దాటిన పేలుడు శబ్దం ఒక్కసారికే వినికిడిని దెబ్బతీయగలదు. 2017లో సిరియాలో కొద్ది నెలల్లోనే 35,000 గుండ్లు పేల్చిన అమెరికన్ మెరైన్ ఫిరంగి సిబ్బందిలో కొందరు ఇంటికి తిరిగొచ్చాక నిద్రలేమితో, భ్రాంతులతో, తలనొప్పులతో కుంగిపోయారు. వారిని ఏ గుండూ తాకలేదు, ఏ నివేదికలోనూ వారు గాయపడ్డవారు కాదు. మెట్ట పల్లెల్లో పదిహేనేళ్లు ఫిరంగి దగ్గర పనిచేసి వచ్చిన మాజీ సైనికుడికి వినపడకపోతే వయసు మీద పడిందంటారు. చేరేటప్పుడు లేని లోపం ఉద్యోగంలో వస్తే, అది సేవ వల్ల వచ్చినదిగానే భావించాలనీ, కాదని నిరూపించే భారం ప్రభుత్వానిదేననీ సుప్రీంకోర్టు 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో తీర్పు చెప్పింది. అయినా లోపం ఉద్యోగంలో ఉండగానే వచ్చిందని చూపడానికి ఏటేటా చేసిన వినికిడి పరీక్ష కాగితం చేతిలో ఉండటం మేలు. యుద్ధ వైద్యమంటే రక్తం ఆపడమే కాదు, చెవి పరీక్ష రాసిపెట్టడమూ దానిలో భాగమే.

మరణించినవారిని గౌరవించడంలో తెలుగు సమాజం లోటు చేయలేదు. మురళీ నాయక్ కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షల రూపాయలు, భూమి, ఇంటిస్థలం, ఉద్యోగం ప్రకటించింది. అది న్యాయమే, ఇంకా ఎక్కువ చేసినా తప్పులేదు. అయితే సైనికుడి పట్ల సమాజానికి ఉన్న బాధ్యత అతని పేటిక ఊరికి చేరిన రోజున మొదలై, శిలాఫలకంతో ముగిసిపోవడం మాత్రం న్యాయం కాదు. 1513లో మొదలై ఏడాదికి పైగా సాగిన శ్రీకృష్ణదేవరాయల ఉదయగిరి ముట్టడిని ఈ ప్రాంతం ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటుంది. దుర్గం ఎత్తు, రాయల పట్టుదల, విజయనగరానికి తరలిన బాలకృష్ణ విగ్రహం అన్నీ ఆ కథలో ఉంటాయి. ఆ నెలలన్నీ కొండ కింద గాయాలతో పడి ఉన్న బంట్లకు ఎవరు కట్టు కట్టారన్నది కథలో ఉండదు. అయిదు వందల ఏళ్ల తర్వాత కూడా గెలుపును, మరణాన్ని మాత్రమే లెక్కపెట్టి గాయాన్ని వదిలేయడం అదే అలవాటు కొనసాగింపు.

దీన్ని మార్చడానికి ఢిల్లీ ఒక్కటే కదలనక్కర్లేదు. యుద్ధభూమిలో పుట్టిన రెడ్‌క్రాస్‌కు నెల్లూరులో ఎంతో చురుకైన శాఖ ఉంది. వింజమూరు, ఆత్మకూరు వైపు సైన్యంలో చేరడానికి పరుగు సాధన చేస్తున్న కుర్రవాళ్లకు ఆ శాఖ టూర్నికెట్ కట్టడం నేర్పితే, వాళ్లు బ్యారక్‌లో అడుగుపెట్టేనాటికే ఒక ప్రాణాన్ని నిలపగల చేతులతో వెళతారు. చేరకుండా మిగిలిపోయినవాళ్లు కావలి, నెల్లూరు రోడ్ల మీద ప్రమాదాల్లో అదే పని చేస్తారు. ఉద్యోగం పూర్తిచేసి వచ్చిన ఫిరంగి సైనికులు వినికిడి పరీక్ష చేయించుకుని ఆ కాగితం భద్రపరచుకోవాలి, కొడుకు మిలటరీలో ఉన్న తల్లిదండ్రులు పెన్షన్ గురించి అడిగినంత పట్టుగా చెవి రక్షణ గురించీ అడగాలి. ఉదయగిరి, ఆత్మకూరు నియోజకవర్గాలు రెండూ నెల్లూరు లోక్‌సభ స్థానంలోనివే. ప్రతి ఫిరంగి సైనికుడి దగ్గరా సొంత టూర్నికెట్ ఉందా, దాన్ని వాడే సాధన ఏటా ఎన్ని గంటలు జరుగుతోంది, ఎన్ని రెజిమెంట్లలో ఏటేటా వినికిడి పరీక్షలు నమోదవుతున్నాయి అన్న ఈ మూడు ప్రశ్నలను ఆ స్థానం నుంచి ఎన్నికైన సభ్యుడు రక్షణ మంత్రిని పార్లమెంటులో అడగాలి, జవాబు వచ్చేదాకా ఈ మెట్ట ఓటర్లు ఆ సభ్యుణ్ని అడుగుతూనే ఉండాలి.